ఇంట్లోనే కారు ఆయిల్ మార్చాలంటే: ట్రే చాలా, వాల్వు బిగించాలా, పంపు కొనాలా?

ఆయిల్ మార్చేటప్పుడు నేల పాడయ్యే సందర్భాలు మూడు. ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) కింద, ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు ఊడిన క్షణం ఒకటి. ఫిల్టర్ విప్పడం రెండోది. ట్రేలో పట్టిన పాత ఆయిల్‌ను క్యాన్‌లోకి ఒంపడం మూడోది. బజారులో దొరికే పనిముట్లలో ఎక్కువ భాగం మొదటి ఇబ్బందిని తీర్చడానికే తయారయ్యాయి. చేతులూ నేలా ఎక్కువగా పాడయ్యేది మాత్రం రెండు, మూడు చోట్ల. అందుకే వేలు పోసి, ఆయిల్‌ను పైనుంచి లాగే పంపు కొన్నవాళ్లు కూడా ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి మోచేతి దాకా నల్లటి ఆయిల్ పూసుకుంటారు.

ఏది కొనాలన్నది మీ కారు ఫిల్టర్ ఎక్కడుందన్న దాన్ని బట్టే తేలుతుంది. టార్చి వేసి ముందు అది చూడండి. చాలా బెంజ్, బీఎండబ్ల్యూ ఇంజిన్లలోలా పైనే, బానెట్ ఎత్తగానే చేతికందే గిన్నెలో పేపర్ ఫిల్టర్ ఉంటే మీరు కారు కిందికి దూరే అవసరమే రాకపోవచ్చు. అప్పుడు పంపుకు అర్థం ఉంది. మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి రేకు డబ్బాలాంటి ఫిల్టర్ ఇంజిన్ పక్కన కింది భాగాన ఉంటుంది. దాని కోసం ఎలాగూ కిందికి దూరాలి. దూరాక బోల్టు విప్పడం రెండు నిమిషాల పని, అక్కడ పంపు ఆదా చేసేది పెద్దగా ఏమీ ఉండదు.

అదే చూపులో మరో మూడు గమనించండి: డ్రెయిన్ బోల్టు నేలకేసి ఉందా, పక్కకు తిరిగి ఉందా, కింద ప్లాస్టిక్ కవచం ఉందా, ఉంటే బోల్టుకు ఎదురుగా దానికి కిటికీ ఉందా, కారుకూ నేలకూ మధ్య జాగా ఎంత. ఇక ఆయిల్ ఎంత పడుతుందో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మారుతి కె12ఎం 1.2 పెట్రోల్ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.1 లీటర్లు. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్లు మూడున్నర లీటర్ల దగ్గర ఉంటాయి. పెద్ద డీజిల్ ఎస్‌యూవీలకు 6 లీటర్లు, కొన్నిటికి అంతకు మించి పడుతుంది. ట్రే అయినా పంపు డబ్బా అయినా దీనికి ఒకటిన్నర రెట్లు పట్టాలి.

ట్రే: చవకైనది, చాలామందికి సరిపోయేది

ట్రేలు రెండు రకాలు. పైన పూర్తిగా తెరిచి ఉండే వెడల్పు పళ్లెం ఒకటి. పైన పల్లంగా ఉండి, మధ్యలో చిల్లు, లోపల డబ్బా, పక్కన మూతి ఉండే మూసిన క్యాన్ ఇంకొకటి. రెండోది మూడో ఇబ్బందిని కూడా తీరుస్తుంది. పట్టిన ఆయిల్ అందులోనే ఉండిపోతుంది, మూతలు బిగించి నిలబెట్టి డిక్కీలో పెట్టుకుని వెళ్లొచ్చు.

మూసిన క్యాన్‌తో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. గాలి పోవడానికి పెట్టిన చిన్న బిరడా విప్పడం మర్చిపోతారు. లోపలి గాలికి దారి లేక చిల్లు దగ్గర ఆయిల్ బుడగలు కడుతూ నిలిచిపోతుంది, పై పల్లం నిండి పొర్లుతుంది. బిరడా తీసినా మధ్య చిల్లు మరీ చిన్నదైతే ఇదే జరుగుతుంది. కొనేటప్పుడు చిల్లులో బొటనవేలు పట్టేలా ఉందో లేదో చూడండి, దాని మీద జల్లెడ ఉందో లేదో కూడా. జల్లెడ ఉంటే చేజారిన బోల్టు నల్లటి ఆయిల్ అడుగుకు పోదు.

పొడవు, వెడల్పు 35 నుంచి 40 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పక్కకు తిరిగిన బోల్టు తీయగానే ఆయిల్ నేరుగా కిందికి పడదు. పంపు నీళ్లలా అడుగు దూరం దాకా చిమ్మి, ఛాంబర్ ఖాళీ అవుతున్న కొద్దీ ధార వెనక్కి వస్తుంది. ట్రేని బోల్టు కింద సరిగ్గా మధ్యలో పెట్టేవాళ్లకు మొదటి అర లీటరు నేల మీద పడేది ఇందుకే. ధార పోయే దిక్కుకు ట్రేని జరిపి, వెనక అంచు బోల్టు కిందికి వచ్చేలా పెట్టండి. చివర్లో సన్నబడిన ధార గాలికి ఊగుతుంది, ఆరుబయట చేసేవాళ్లు ట్రే కింద విప్పదీసిన ఫ్రిజ్ అట్టపెట్టె పరవడం మంచిది.

ట్రే ఎత్తు కూడా చూడాలి. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కు నేల నుంచి జాగా 163 మిల్లీమీటర్లు. 12 సెంటీమీటర్లకు మించిన క్యాన్ దాని కింద పెడితే పానా తిప్పడానికి చెయ్యి పట్టదు. నెక్సాన్ లాంటి 200 మిల్లీమీటర్లు దాటిన బళ్లకు ఈ బాధ లేదు. సన్నగా ఉన్నవాళ్లు జాకీ లేకుండానే పని కానివ్వొచ్చు.

పాత నూనె క్యాన్‌ను పక్కన కోసి ట్రేలా వాడటం మన దగ్గర మామూలే. పట్టడానికి అది పనికొస్తుంది. మూడు లీటర్ల వేడి ఆయిల్‌తో ఎత్తినప్పుడే పల్చటి ప్లాస్టిక్ వంగి ఒక మూల నుంచి జారుతుంది. అదే వాడాలనుకుంటే ఎత్తకండి, ఉన్నచోటే మగ్గుతో తోడి క్యాన్‌లో పోయండి.

డ్రెయిన్ వాల్వు: హాయి ఉంది, షరతులూ ఉన్నాయి

డ్రెయిన్ బోల్టు స్థానంలో శాశ్వతంగా బిగించే చిన్న కుళాయి ఇది. జపాన్ ఫుమోటో వాల్వుకు మీట ఉంటుంది, దాన్ని స్ప్రింగుకు ఎదురుగా నొక్కి పావు చుట్టు తిప్పితే తెరుచుకుంటుంది. జర్మనీ స్టాల్‌బస్ రకంలో లోపల స్ప్రింగు బిళ్ల, పైన మూత ఉంటాయి. మూత తీసి గొట్టం బిగిస్తేనే ఆయిల్ వస్తుంది. మూతి ఉన్న రకం తీసుకుని గొట్టం తొడిగితే ఆయిల్ నేరుగా క్యాన్‌లోకి దిగుతుంది. ట్రే అక్కర్లేదు, చిమ్మడం ఉండదు, ప్రతిసారీ వాషరు మార్చక్కర్లేదు, మరలు అరిగే భయం లేదు. ఏడాదికి నాలుగైదు సార్లు ఆయిల్ మార్చాల్సి వచ్చే టాక్సీ బండికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

కొలత తప్పకూడదు. మారుతి, హ్యుందాయ్, హోండా పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఎం14 (14 మిల్లీమీటర్ల వ్యాసం), 1.5 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) మర ఉంటుంది. టయోటాల్లో చాలావాటికి ఎం12, 1.25 పిచ్. గ్లాంజా పేరుకే టయోటా, ఇంజిన్ సుజుకీది, కాబట్టి బలేనో కొలతే చూసుకోవాలి. పిచ్ తప్పిన వాల్వు మొదటి రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది, మూడో చుట్టుకు అల్యూమినియం ఛాంబర్ మరలను కోసేస్తుంది. పాత బోల్టును చేతిలో పట్టుకుని మరలు ఒకదానికొకటి ఆనించి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. ఫుమోటో లాంటి వాల్వు ఒళ్లు ఇత్తడిది, అందుకే దాన్ని బోల్టుకు చెప్పిన బిగువుతో బిగించకూడదు. వాల్వు పెట్టె మీద రాసిన బిగువే పాటించాలి.

మన రోడ్ల మీద అసలు సమస్య ఎత్తు. వాల్వు బోల్టు కన్నా రెండు మూడు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. ఊళ్లలో లెక్కాపత్రం లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్‌కు అది తగిలి విరిగితే ఆయిల్ మొత్తం రోడ్డు మీద పడుతుంది. ఆయిల్ దీపం వెలిగింది చూసి బండి ఆపేలోపు ఇంజిన్ పట్టేయొచ్చు. బిగించే ముందు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలానికి, ఛాంబర్ అడుగుకు ఒక తిన్నటి కర్ర ఆనించి చూడండి. వాల్వు ఆ గీతకు పైనే ఉంటే పర్వాలేదు. కిందికి దిగుతోందంటే ఈ ఆలోచన మానుకోండి. పక్కకు తిరిగిన బోల్టు ఉన్న కార్లలో ఈ చిక్కు తక్కువ.

ఇంకో రెండు చిన్న లోపాలున్నాయి. బోల్టు చిల్లు కన్నా వాల్వు దారి ఇరుకు కాబట్టి ఆయిల్ దిగడానికి రెట్టింపు సమయం పడుతుంది. వాల్వు లోపలి కొస ఛాంబర్ అడుగు కన్నా కొంచెం పైకి ఉంటే కొద్దిపాటి ఆయిల్ లోపలే మిగిలిపోతుంది. అది పెద్ద నష్టం కాదు. వారంటీలో ఉండి కంపెనీ సర్వీసుకు వెళ్లే కారుకు మాత్రం ఇది పెట్టకండి. తర్వాత ఎక్కడ లీకు కనబడినా వేలు దాని మీదికే పోతుంది.

పైనుంచి లాగే పంపు: ఎవరికి లాభం?

ఆయిల్ మట్టం చూసే కడ్డీ దూరే గొట్టంలోంచి సన్నటి పైపు దించి ఆయిల్ పైకి లాగడమే దీని పని. చేత్తో కొట్టే పంపు డబ్బాలోని గాలిని తీసి, ఆ ఖాళీలోకి ఆయిల్‌ను పీలుస్తుంది. 12 వోల్టుల చిన్న మోటారు పంపులు బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడిపేవి. రెండింట్లో చేతి పంపు డబ్బానే మేము చెబుతాం. చిన్న మోటార్లు 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్‌ను వెచ్చగా ఉన్నప్పుడు లాగుతాయి, చిక్కటి 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ దగ్గర వేడెక్కి ఆగిపోతాయి. ఆ మోటారు పంపుతో పొరపాటున కూడా పెట్రోల్ లాగకండి. దాని బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.

ఇంజిన్‌ను అయిదు నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. 50 డిగ్రీల ప్రాంతంలో ఆయిల్ సులువుగా వస్తుంది. బాగా మరిగిన ఆయిల్‌లో పైపు మెత్తబడి లోపల మడత పడుతుంది. పైపు అడుగుకు తగిలేదాకా దించి, అయిదు మిల్లీమీటర్లు పైకి లాగి పట్టుకోవాలి. గురగురమని గాలి శబ్దం వచ్చిందంటే ఆయిల్ అయిపోయిందనుకోకండి, పైపు కొస పక్కకు తిరిగి ఉండొచ్చు. కాస్త తిప్పి మళ్లీ ప్రయత్నించండి.

పంపు మీద మనసు పడ్డవాళ్లు మొదటిసారి ఒక పరీక్ష చేసి తీరాలి. పంపుతో లాగగలిగినంతా లాగాక కింద డ్రెయిన్ బోల్టు కూడా విప్పి ఎంత కారుతుందో కొలిచి చూడండి. వంద, నూటయాభై మిల్లీలీటర్ల లోపే అయితే మీ ఇంజిన్‌కు పంపు సరిపోతుంది. అర లీటరు కారిందంటే కడ్డీ గొట్టం ఛాంబర్ లోతైన చోటికి చేరడం లేదన్నమాట. ప్రతిసారీ అంత పాత ఆయిల్ కొత్తదాంతో కలుస్తుంది. కడ్డీయే లేని ఇంజిన్లు, పైపు దిగని ఇరుకు గొట్టాలున్న ఇంజిన్లు కూడా ఉన్నాయి. డబ్బు కట్టే ముందే చూసుకోవాలి.

పంపు వల్ల పోయేది ఇంకోటుంది. బోల్టు విప్పినప్పుడు దాని కొసన పేరుకున్న లోహపు పొడి, వాషరు దగ్గర చెమ్మ, ఛాంబర్ మీద గీత, కవచంలో విరిగిన క్లిప్పు కళ్లబడతాయి. పైనుంచే పని ముగించే వాళ్లకు ఇవేవీ తెలియవు. పంపు వాడినా రెండు మూడు మార్పులకోసారి కిందినుంచి కూడా తీయండి.

ఫిల్టర్: అసలు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ

రేకు ఫిల్టర్‌ను విప్పే సాధనాల్లో టోపీలా బోర్లించే కప్పు రెంచి అన్నిటికన్నా మేలు. ఫిల్టర్ అడుగున ఉన్న గాళ్లకు అది సరిగ్గా కూర్చుంటుంది, రేకు నలగదు, పక్కన జాగా అక్కర్లేదు. చిక్కల్లా కొలతే. చాలా టయోటా పెట్రోల్ ఫిల్టర్లకు 65 మిల్లీమీటర్లు, 14 గాళ్లు. మీ కారు ఫిల్టర్ కంపెనీ మారితే గాళ్ల లెక్క కూడా మారొచ్చు. కొత్త ఫిల్టర్‌ను చేత్తో పట్టుకుని పనిముట్ల కొట్టుకు వెళ్లి, తొడిగి చూసి కొనండి. వదులుగా ఊగే కప్పు గాళ్లను నున్నగా అరగదీస్తుంది.

ఇంట్లో రెండు మూడు రకాల కార్లుంటే మూడు కాళ్ల రెంచి నయం. తిప్పుతున్న కొద్దీ కాళ్లు బిగుసుకుంటాయి, రకరకాల సైజులకు పనికొస్తుంది. ఫిల్టర్ చుట్టూ వేలు దూరేంత జాగా మాత్రం ఉండాలి. రబ్బరు బెల్టు రెంచి ఆయిల్ తగలగానే జారుతుంది. గొలుసు రెంచి పట్టు గట్టిదే, కానీ రేకును సొట్ట చేస్తుంది, ఊడదీయడానికి తప్ప బిగించడానికి వాడకూడదు. స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పడం మెకానిక్ షెడ్లలో చూస్తుంటాం. పల్చటి రేకు చిరిగి, ఫిల్టర్ ఇంజిన్‌కే అంటుకుని, చిల్లులోంచి ఆయిల్ కారుతుంటే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఆయిల్ చిందకుండా విప్పే పద్ధతికి ఖర్చు లేదు. రెంచితో పావు చుట్టు మాత్రమే వదులు చేయండి. మందపాటి ప్లాస్టిక్ సంచి ఫిల్టర్ మొత్తానికి తొడిగి, సంచి మీదనుంచే చేత్తో తిప్పండి. అంచు నుంచి కారే ఆయిల్, చివర్లో ఊడే ఫిల్టర్ రెండూ సంచిలోనే పడతాయి. కింద ఇనుప దూలమో సైలెన్సర్ గొట్టమో ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు మడతలు వేసి వంపు కాలువలా ట్రే దాకా పెట్టండి. సైలెన్సర్ మీద పడ్డ ఆయిల్ తుడవకపోతే తర్వాత రెండు రోజులు కాలిన వాసన, పొగ వస్తాయి. కొత్తగా లీకు వచ్చిందేమోనని కంగారు పడేది ఆ వాసన వల్లే.

కొత్తది బిగించే ముందు పాత రబ్బరు రింగు పాత ఫిల్టర్‌తోనే వచ్చిందో లేదో చూడండి. ఇంజిన్‌కే అంటుకుని ఉండి, దాని మీద కొత్త రింగు పడితే, స్టార్ట్ చేసిన కొన్ని క్షణాలకే ఆ రెండు రింగుల మధ్యనుంచి ఆయిల్ ధారగా బయటికి కొడుతుంది. ఇంటి పనిలో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఇదొకటి, తప్పించుకోవడానికి పట్టేది ఒక్క క్షణం. కొత్త రింగుకు వేలితో ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు ఆనగానే అక్కడి నుంచి ముప్పావు చుట్టు బిగించాలి. ఫిల్టర్ మీద వేరే కొలత ముద్రించి ఉంటే అదే లెక్క. పేపర్ ఫిల్టర్ గిన్నె మూత మీద బిగువు అంకె ఉంటుంది, చాలావాటికి 25 న్యూటన్ మీటర్లు.

టార్క్ రెంచి, వాషరు

ఎక్కువ పెట్రోల్ కార్ల డ్రెయిన్ బోల్టు బిగువు 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అంత బిగువే పడేలా చూసే పానా టార్క్ రెంచి. ఇక్కడే తప్పు రెంచి కొంటారు. బాగా అమ్ముడయ్యే అర అంగుళం (సాకెట్ తొడిగే చదరపు కొస కొలత) టార్క్ రెంచి 28 నుంచి 210 దాకా అంటుంది. పెట్టిన బిగువు రాగానే క్లిక్‌మనే ఈ రెంచీలు తమ గరిష్ఠంలో అయిదో వంతుకు పైనే నమ్మకంగా పనిచేస్తాయి, అంటే ఇది 42 పైనే. 35కు పెట్టి తిప్పితే క్లిక్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. 3/8 అంగుళం, 10 నుంచి 60 ప్రాంతం కొలిచేది కొనండి. అర అంగుళం రెంచి చక్రాల నట్లకు పనికొస్తుంది.

టార్క్ రెంచి లేకపోతే లెక్క ఇది: 20 సెంటీమీటర్ల రింగు పానా చివర 18 కిలోల బరువుతో లాగితే 35 న్యూటన్ మీటర్లు. అదే బలం 45 సెంటీమీటర్ల పిడితో పెడితే 79 అవుతుంది, అల్యూమినియం ఛాంబర్ మరలు ఊడటానికి అది చాలు. అందుకే ఈ పనికి పొడవు పిడి వద్దు. రాగి లేదా అల్యూమినియం వాషరు నలిగి ఆయిల్‌ను ఆపుతుంది. ఒకసారి నలిగినది మళ్లీ నలగదు, కారుతోందని ఇంకా బిగిస్తారు, మరలు పోతాయి. పదీ ఇరవై రూపాయల వాషరును ప్రతిసారీ మార్చండి.

పైకి ఎత్తడం

కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన కారు కిందికి తల కూడా పెట్టకూడదు, ఇటుకలు, హాలో బ్లాకులు పెట్టి కూడా కాదు. బరువు మీదికి రాగానే అవి పగిలిపోతాయి. ర్యాంపులో జాకీ స్టాండ్లో కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, పోర్టికోల్లో నున్నటి పార్కింగ్ టైల్స్ మీద ప్లాస్టిక్ ర్యాంపు చక్రం ఎక్కకుండా ముందుకు జారిపోతుంది. కింద రబ్బరు మ్యాటు వేసి దాని మీద ర్యాంపు పెట్టండి. వెనక చక్రాలకు అడ్డాలు, హ్యాండ్ బ్రేకు, గేరులో బండి, ఈ మూడూ ఉండాలి. ముందు భాగం ఎత్తినప్పుడు ఆయిల్ వెనక్కి చేరుతుంది. బోల్టు ఛాంబర్ ముందు వైపు ఉంటే కొంత లోపలే నిలిచిపోతుంది. అలాంటి కార్లకు నాలుగు చక్రాలూ సమంగా ఎత్తాలి.

కొత్త ఆయిల్ పోయడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. పొడవు మూతి గరాటు, అది పొడిగా, ఆయిల్‌కే కేటాయించి ఉంటే చాలు. నీళ్ల సీసా కోసి వాడితే ప్లాస్టిక్ పొట్టు లోపల పడుతుంది. లెక్క కన్నా 300 మిల్లీలీటర్లు తక్కువ పోసి, అర నిమిషం ఇంజిన్ నడిపి, సమతలం మీద అయిదు నిమిషాలు ఆగి, కడ్డీ చూసి మిగతాది పోయండి.

మా సలహా

కింద ఫిల్టర్ ఉన్న హ్యాచ్‌బ్యాక్ లేదా సెడాన్, ఏడాదికి ఒకటి రెండు మార్పులు: మూసిన ట్రే, సరైన కప్పు రెంచి, 3/8 టార్క్ రెంచి, పైకి ఎత్తడానికి ర్యాంపు. ఇంకేమీ వద్దు. జాగా ఉన్న ఎస్‌యూవీ అయితే ఇవే, ర్యాంపు ఖర్చు మిగులుతుంది. టాక్సీ, లేదా నెలకు వేల కిలోమీటర్లు తిరిగే బండి అయి, కర్ర పరీక్షలో నెగ్గితే వాల్వు. పైన ఫిల్టర్, లోతుకు దిగే కడ్డీ గొట్టం ఉంటే, లేదా నడుము, మోకాళ్ల నొప్పులతో కిందికి దూరలేకపోతే చేతి పంపు. డబ్బు ఒక్కదానికే ఉంటే కప్పు రెంచి కొనండి, ట్రేకు ఇంట్లో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఏది వాడినా నైట్రైల్ చేతి తొడుగులు తప్పనిసరి. ఇంజిన్‌లో కాలిన ఆయిల్‌లో చర్మానికి హాని చేసే పదార్థాలు చేరతాయి. చిందింది పడ్డ వెంటనే రంపపు పొట్టుతో కానీ పొడి ఇసుకతో కానీ పీల్చనిచ్చి ఊడ్చాలి. నీళ్లు కొడితే మరక పరుచుకుంటుంది.

పాత ఆయిల్ ఏం చేయాలి

ఫిల్టర్‌ను బోర్లించి ఒక రాత్రి ట్రేలో వదిలేస్తే లోపలి ఆయిల్ కూడా దిగుతుంది. ఆ మొత్తం ఖాళీ అయిన కొత్త ఆయిల్ క్యాన్‌లోకే పోయండి. కూలెంటు, బ్రేక్ ఆయిల్, పెట్రోల్ అందులో కలవకూడదు. కలిస్తే శుద్ధి చేసేవాళ్లు తీసుకోరు. సెంట్రింగ్ రేకులకు పూయడానికనో, చెదలకు కొట్టడానికనో అడిగేవాళ్లుంటారు. అలా వెళ్లిన ఆయిల్ చివరికి మట్టిలోకి, బోరు నీళ్లలోకి దిగుతుంది, ఇవ్వకండి. మన దేశంలో వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుల మీద కూడా ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పాత ఆయిల్ ఇచ్చే సర్వీస్ సెంటర్ దగ్గరలో ఏదో కనుక్కుని, వాళ్ల డ్రమ్ములో పోయించండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది సులువు, ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణాలు చాలాచోట్ల ఉచితంగానే తీసుకుంటాయి. ఇచ్చేదాకా క్యాన్ మూత బిగించి, పైన ‘పాత ఆయిల్’ అని పెద్దక్షరాలతో రాసి, పిల్లలకు అందని చోట నీడలో ఉంచండి.